ఏ సాంచ మీది దాగ్

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. మంచం మీద పెద్దబాపు సోమలింగం, గోడకు ఆనుకుని బాపు పరమేశ్వర్, స్టవ్వు పక్కన నాయనమ్మ ఎల్లవ్వ, చీరల మూట ముందు అమ్మ భాగ్యలక్ష్మి, తలుపు దగ్గర నేను. సూరత్ భేస్తాన్‌లో మాకున్నది ఒకటే గది. ఐదుగురు కూర్చుంటే ఒకరి మోకాలు ఒకరికి తగులుతుంది.

పొద్దున దవాఖాన నుంచి వచ్చాక అమ్మ అన్నం కూడా తినలేదు. సాయంత్రానికి పన్నెండు చీరలకు రాళ్లు అతికించి ఇవ్వాలి. నడుము నొప్పి ఎక్కువైనప్పుడల్లా బజర్ డబ్బీ తీసి, ఆ పొగాకు పొడిని చిగుళ్లకు రుద్దుకుంటోంది. పొద్దున్నే నర్సు మానెయ్యమన్న మొదటి వస్తువు అదే.

అమ్మకు హిందీ అంతంతమాత్రం. నేను ఊళ్లో పదో తరగతి దాకా చదివి నిరుడే సూరత్ వచ్చాను. కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు కాని, హిందీ చదవగలను, రాయగలను. అందుకే దవాఖానలో ప్రశ్నల కాగితం నా చేతికిచ్చారు.

పెళ్లి ఏ వయసులో అని మొదటి ప్రశ్న. "పద్దెనిమిదని రాయే," అంది అమ్మ నా చెవిలో. రాశాను. నర్సు హంసాబెన్ కాగితం పైన రాసిన వయసులు చూసింది. అమ్మకు ముప్పై ఆరు, మా అక్కకు ఇరవై. "బేటీ, ఇది పోలీసోళ్ల కాగితం కాదు," అని హిందీలో చెప్పి నవ్వింది. కొట్టేసి పదిహేను అని రాశాను. కాన్పులు ఐదు. బతికినవాళ్లం అక్కా నేనూ. పొగాకు, ఉంది. పిల్లలు పుట్టకుండా గోలీలు, బాపు సూరత్ రాకముందు ఏడేళ్లు. చివరి ప్రశ్న భర్తకు బయట సంబంధాలున్నాయా అని. "అది ఇడిసిపెట్టు," అంది అమ్మ. ఖాళీగా వదిలేశాను.

హంసాబెన్ ఓపిగ్గా చెప్పింది. అమ్మకు పరీక్షలో ఒక వైరస్ కనబడింది. అది చాలామంది ఆడవాళ్లకు వస్తుందట. ఎక్కువమందికి దానంతటదే పోతుందట. చిన్నప్పుడే పెళ్లి, వరస కాన్పులు, పొగాకు, ఏళ్లతరబడి గోలీలు, ఇట్లాంటివి ఉన్నవాళ్లలో అది పోకుండా నిలిచి గర్భసంచి ముఖాన్ని పాడుచేసే భయం ఎక్కువట. అమ్మకు అక్కడ మందు పూస్తే తెల్లగా కనబడింది. "సఫేద్ దాగ్ హై," అంది. ఇంకా క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్లకు కావచ్చు. మంగళవారం వస్తే పది నిమిషాల్లో కాల్చి తీసేస్తారు, పైసలు అక్కర్లేదు. తర్వాత నెల రోజులు భర్త దూరంగా ఉండాలి.

ఆ నెల రోజుల మాట లేకుంటే అమ్మ ఇంట్లో చెప్పేదే కాదు. ఏమైందని బాపు నన్నడిగాడు. నేను నర్సు మాటే అన్నాను, దాగ్ అని. తెల్ల చుక్క అన్నా సరిపోయేది. బాపు తన అన్నకు ఫోన్ చేశాడు.

పెద్దబాపు కార్ఖానాలో తాకాలు చూస్తాడు. సాంచలు, అంటే మరమగ్గాలు, నేసిన ఆ బట్ట చుట్టను బల్ల మీద లాగుతూ, మరక కనబడగానే చెయ్యి ఆపుతాడు. అది ఏ సాంచ మీద దిగిందో పట్టుకుని, నడిపినవాణ్ని పిలిపిస్తాడు. దాగ్ అంటే ఆయనకు అదే.

"మా కాలంల గీ టెస్టులెక్కడియిరా?" అంది నాయనమ్మ. "పన్నెండేండ్లకే పెండ్లాయె. తొమ్మిదిమందిని కన్న. నాకేమొచ్చింది?"

"నీకేమొస్తదే అవ్వా, నిన్ను జూస్తె రోగమే ఉరుకుతది," అన్నాడు పెద్దబాపు. నాయనమ్మ పళ్లులేని నోటితో నవ్వింది. అమ్మ కూడా నవ్వబోయి ఆగిపోయింది.

"సంచి తీయిస్తె అయిపాయె. సిరిసిల్లకు తోలుండ్రి. మా వాడల నలుగురు తీయించుకున్నరు," అంది నాయనమ్మ.

"అట్లనే పోత అత్తా," అంది అమ్మ వెంటనే.

"సంచి తియ్యాల్సిన పని లేదన్నది," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. "మంగళవారం పోతె చాలన్నది."

"నువ్వాగు రుచితా." పెద్దబాపు ముందుకు వంగాడు. "ఇది గాలికొచ్చేది కాదు, మొగోని నుంచి వస్తదని నేను ఫోన్ల జూసిన. దాగ్ ఊరికెనే పడదు తమ్మీ. ఏ సాంచ మీద పడ్డదో ముందు గది తేలాలె. దవాఖాన తర్వాత."

అమ్మ వేళ్ల మధ్య ఒక రాయి అట్లాగే ఉండిపోయింది. "నా బిడ్డ మీద ఒట్టు బావా," అంది.

"ఒట్లు అందరు పెడుతరు."

బాపు గోడ వైపు చూస్తున్నాడు. ఒక్క మాట అంటే అయిపోయేది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పనిలోంచి పిలిపించిన మనిషిలా కూర్చున్నాడు.

"మంగళవారం లేదు, ఏం లేదు," అన్నాడు పెద్దబాపు. "తేలేదాక గడప దాటద్దు."

లేచి నిలబడ్డాను.

"ఆ వైరస్ ఎన్నేండ్లైనా లోపల్నే ఉంటదట పెద్దబాపూ. మేం రాకముందు ఆరేండ్లు బాపు ఒక్కడే ఉండె కదా ఈడ. బాపును గుడ అడుగు."

బాపు తలెత్తి నన్ను చూసి, మళ్లీ దించుకున్నాడు. పెద్దబాపు మంచం దిగాడు.

ఆయనకంటే ముందు అమ్మ లేచింది. ఒళ్లోని చీర జారి, అతికించిన రాళ్లు నేల మీద రాలాయి. కొడుతుందనుకున్నాను. నా మణికట్టు పట్టుకుని గడప దాటించింది. బజర్ వాసన వేసే నోరు నా చెవి దగ్గర పెట్టింది.

"నేను బతకాల్సింది ఈ ఇంట్లనే బిడ్డా," అంది.

లోపలికి పోయి తలుపు మూసింది.