నోరు మూయని హనుమప్ప

భర్త హనుమప్ప సంవత్సరీకానికి గోడకు పెద్ద పటం ఉండాలని, బుగ్గమ్మ తన దగ్గరున్న ఒకే ఒక్క ఫోటోను నారాయణగూడలో బొమ్మలు గీసే జగదీశ్వర్‌కు ఇచ్చింది. అశోక్‌నగర్‌లో స్లాబు పోసిన రోజు కూలీలందరూ కలిసి దిగిన ఫోటో అది. అందులో హనుమప్ప ముఖం గోరంతే ఉన్నా, నవ్వు మాత్రం దూరం నుంచే కనిపిస్తుంది.

వారం తర్వాత పటం చూసి ఆమె బిత్తరపోయింది. కోటు, టై, బిగించిన పెదవులు.

"ఎవరు సారు ఈయన?"

"మీ ఆయనేనమ్మా. కోటు నేనే తొడిగిన, నోరు నేనే మూసిన. గోడ మీది పటంల పండ్లు కనబడితే మర్యాదుండదు. మా నాయిన కాలం నుంచి గిట్లనే గీస్తున్నం."

"ముప్పై ఏండ్లు మొత్తుకున్నా ఆయన నోరు మూయించుడు నాతోని కాలే. నువ్వు వారంల మూయించినవా?"

జగదీశ్వర్‌కు నవ్వు ఆగలేదు.

"కోటు ఉండనీ, మంచిగున్నది. నవ్వు మాత్రం నాకియ్యి సారు. అది లేకుంటే నేనెవరికి దండెయ్యాలె?"

అతను కుంచె అందుకున్నాడు. "పండ్లు ఎట్లుంటుండెనమ్మా?"

"ముందటిది సగం విరిగింది. లారీ మీదికెల్లి దుంకి పడ్డడు. గప్పుడు గూడ నవ్వుకుంటనే లేచిండు."

పక్కనే నిలబడి, "ఇంక జర వెడల్పు" అంటూ ఆ నవ్వును చెవుల దాకా సాగదీయించింది.

సంవత్సరీకం నాడు ముఖాలు వేలాడేసుకుని వచ్చిన చుట్టాలు, పటం ముందుకు రాగానే ఒక్కొక్కరే నవ్వేశారు. బుగ్గమ్మ దండ వేసి, విరిగిన పన్ను కనిపించేలా దాన్ని కొంచెం కిందికి జరిపింది.