వరసలో ఆఖరి మనిషి

సన్యాసిరాజు తలలు లెక్కపెట్టడు, కాళ్లు లెక్కపెడతాడు. తెల్లారీ తెల్లారని వెలుతురులో, విశాఖపట్నం స్టేషన్లో కిరండోల్ పాసింజరు పక్కన ఒంగి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తూ ఇప్పుడు చేస్తున్నది ఆ పనే. పంతొమ్మిది జతల కాళ్లు. వాటిలో రెండు జతలు కొత్త బూట్లలో ఉన్నాయి, మధ్యాహ్నానికి మడమలు ఒరుసుకుపోవడం ఖాయం. రిటైరైన టీచరు కుసుమకుమారి కుడి మోకాలికి పట్టీ వేసుకుంది, ఆ కాలు మీద బరువు మోపడం లేదు. అంతా చూసుకుని లేచాడు.

"ఆఁ, అందరూ ఒచ్చీసినారు. ఎక్కండి బేగి" అన్నాడు. అందరూ ఎక్కాక తనెక్కాడు.

ఇరవై ఒక్క ఏళ్లుగా ఇదే తంతు. ప్రతి నెలా రెండో ఆదివారం 'కొండబాట మిత్రులు' అనంతగిరి కొండలకు వెళ్తారు. ముందు నడిచేవాళ్లు మారారు. మొదట బ్యాంకు మేనేజరు, తరవాత ఒక లాయరు, ఇప్పుడు అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో పనిచేసే సాయిశంకర్. ఆఖర్న నడిచే మనిషి మాత్రం మారలేదు. ముందు నడిచేవాడికి ఫొటోలుంటాయి, పేపర్లో పేరుంటుంది. వెనక నడిచేవాడు ఫొటోలో ఉంటే గింటే ఏ చెట్టు చాటునుంచో ఒక మోచెయ్యి ఉంటుంది. దానికి సన్యాసిరాజు నొచ్చుకున్నది లేదు. నొచ్చుకోకపోగా లోపల్లోపల బోలెడంత గీర.

"ముందు నడవడానికి ఏటుందే? దారి తెలిస్తే సాలు. ఎనక నడవాలంటే మనుసులు తెలాల" అని భార్య జోగమ్మ దగ్గర కోతలు కోసేవాడు. "అబ్బో!" అని ఆవిడ మూతి తిప్పేది. తిప్పితే తిప్పనీ. ఇరవై ఒక్క ఏళ్లలో కొండమీద ఒక్క మనిషిని ఒగ్గేసి రాలేదు. అది తలుచుకుంటే చాలు, అతని బక్క ఛాతీ చొక్కాకి సరిపోయేది.

ఉక్కు ఫ్యాక్టరీలో అతని పనీ అలాంటిదే. బొగ్గు మోసే బెల్టు వెంట షిఫ్టంతా నడవడం. బెల్టు కింద వేల రోలర్లు తిరుగుతుంటాయి. పాడవబోయే రోలరు ముందు గొంతు మారుస్తుంది. అది పట్టుకుని, సుద్దముక్కతో గీత గీసి ముందుకు పోవాలి. ముప్పై ఏళ్లు ఆ చెవి మీదే బతికాడు. కొండెక్కేటప్పుడు కూడా చూపు కన్నా చెవే ఎక్కువ పనిచేసేది. పదిమంది అవతల ఎవరి ఊపిరి తేడా కొట్టిందో చెప్పేసేవాడు. పొట్టి మనిషి, ఎండకి నల్లబడ్డ మెడ, సన్నటి పిక్కలు, జేబు చిరిగిన ఖాకీ చొక్కా. రోడ్డు మీద ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు.

వేసవిలో గుండెకి స్టెంటు వేశారు. ఇక కొండలు కట్టిపెట్టమన్నాడు డాక్టరు. బతిమాలి బామాలి ఒక్కసారికి ఒప్పించుకున్నాడు. ఆ ఒక్కసారి ఇవాళే. అతనికి ఉన్న కోరిక కూడా ఒక్కటే. ఈ పంతొమ్మిది మందినీ ఎప్పట్లాగే ఎక్కించి, దించి, రైల్లో కూర్చోబెట్టేస్తే చాలు. తన మాట నిలబడిపోతుంది. ఇక ఇంట్లో కూర్చున్నా బాధ లేదు.

బొడ్డవర దాటాక సొరంగాలు మొదలయ్యాయి. చీకటి పడ్డప్పుడల్లా పెట్టెలో పిల్లలు ఈలలు వేస్తున్నారు. వెలుతురు వచ్చినప్పుడల్లా సన్యాసిరాజు కిటికీ ఊచలకి మొహం ఆనించి చూస్తున్నాడు. కార్తీకమాసం. వాలు పొలాల నిండా వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూశాయి. లోయలో మంచు ఇంకా లేవలేదు. ఒకసారి మిత్రులంతా హిమాలయాలకి వెళ్దామంటే అతను రానన్నాడు. "ఆటిని సూడ్డానికి లోకమంతా ఎల్తంది. ఈటిని సూసుకోడానికి మనమే కదా ఉన్నాం" అన్నాడు. అంత ప్రేమ ఈ కొండలంటే.

చిన్న స్టేషన్లో దిగాక, పట్టాలు దాటి, ఎలుగుబండ శిఖరానికి పోయే దారి మొదట్లో సాయిశంకర్ అందరినీ ఆపాడు. "ఇవాళ మన రాజుగారే ముందు నడుస్తారు. మనందరం ఆయన వెనక!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సన్యాసిరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒద్దు బాబూ, నాను ఎనకే ఉంటాను. నాకలవాటు."

"ఇన్నేళ్లూ వెనకే ఉండిపోయారు. ఆఖరిసారైనా మీకా గౌరవం ఇవ్వకపోతే మాకు బాగుండదండీ."

కరీం బాషా భుజం మీద చెయ్యి వేశాడు. విశాఖ పాతూళ్లో గడియారాలు బాగుచేసే మనిషి. పదేళ్లుగా వరసలో సన్యాసిరాజుకి సరిగ్గా ముందు నడిచేవాడు. "నడు బావా. వెనక నేను చూసుకుంటా. నా మీద భరోసా లేదా ఏటి?" అన్నాడు.

అలా అడిగితే ఇంకేం చెప్తాడు?

అతను ముందు నడిచాడు. దారికి అడ్డంగా మనుషుల వీపులు లేకపోవడం అదే మొదలు. సాలెగూళ్లు మొహానికి తగులుతున్నాయి, వాటిని ఇవాళ తెంపుతున్నది తనే. సిల్వరోక్ చెట్లకి మిరియం తీగలు, కింద ఎర్రబడిన కాఫీ పళ్లు. అడవికోడి ఒకటి దారి దాటి, ఆగి, అతన్ని ఎగాదిగా చూసి పొదలోకి దూరింది. ఓలమ్మ, ఎంత బాగుంది! ఇన్నేళ్లూ ఇదంతా ముందువాళ్లే చూసేశారన్నమాట. ఒక ఐదు నిమిషాలు చంటిపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ తరవాత చెవులు వెనక్కి లాగడం మొదలుపెట్టాయి. పది అడుగులకోసారి తిరిగి చూస్తున్నాడు. వెనక్కాల సాయిశంకర్ ఒక్కడే కనిపిస్తున్నాడు.

"వెనక్కి చూడకండి సార్, ముందు సీనరీ చూడండి" అన్నాడు సాయిశంకర్ నవ్వుతూ. అతనూ నవ్వాడు, ఊరికే మర్యాదకి.

ఎలుగుబండ మీదికి చేరేసరికి పదకొండున్నర. ఒక్కొక్కళ్లే పైకొస్తుంటే పక్కన కూర్చుని కాళ్లు లెక్కపెట్టాడు. కరీం బాషా బూట్లతో పద్దెనిమిది జతలయ్యాయి. ఆ వెనక ఎవరూ లేరు.

"టీచరమ్మేది బావా?"

కరీం బాషా తిరిగి తనొచ్చిన దారి వంక చూశాడు. "ముందొచ్చేసింది కదా? రాలేదా?"

జరిగింది ఇదీ. దారిలో వాగులా పారే రెండో గెడ్డ దగ్గర ఆవిడ 'కాస్త ఆగండి' అని పొదల చాటుకి వెళ్లింది. ఆడమనిషి, దగ్గర నిలబడితే బాగుండదని కరీం బాషా పై మలుపు దాకా వెళ్లి నిలబడ్డాడు. ఎంతసేపటికీ రాకపోతే, అడ్డదారిన ముందుకెళ్లిపోయి ఉంటుందనుకున్నాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు, మర్యాదస్థుడు ఎవడైనా అదే చేస్తాడు. సన్యాసిరాజు మాత్రం అలాంటప్పుడు అడుగు కదిపేవాడు కాడు. అక్కడే అటు తిరిగి నిలబడి, చిన్న రాయితో బండ మీద టక్ టక్‌మని కొడుతూ ఉండేవాడు. తను ఎటున్నాడో వాళ్లకి తెలియాలి, తను చూడటం లేదనీ తెలియాలి. ఇరవై ఒక్క ఏళ్లలో ఈ సంగతి ఎవరూ ఎవరితోనూ అనలేదు. ఆడవాళ్లకి తెలుసు, అంతే.

ఫోన్లలో సిగ్నల్ లేదు. నలుగురేసి విడిపోయి వెతుకుదామన్నాడు సాయిశంకర్.

"ఎవలూ కదలొద్దు" అన్నాడు సన్యాసిరాజు. ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఒకర్ని ఎతకడానికి మీరందరూ ఎల్తే, మిమ్మల్నందర్నీ మల్లీ నానెతకాల. కూకోండి."

"నీ గుండె బావా..." అన్నాడు కరీం బాషా.

"దిగడానికేటి? ఎక్కేటప్పుడు కదా దాంతో పేచీ. అప్పుడు సూద్దాం. నువ్ రా."

ఇద్దరూ దిగారు. సన్యాసిరాజు పరిగెత్తలేదు. బెల్టు పక్కన నడిచినట్టే నడిచాడు. గుండె మాత్రం చెవుల్లో కొట్టుకుంటోంది. ఇరవై ఒక్క ఏళ్ల మాట ఇవాళ పోతుందా అన్నది ఒక భయం. ఆ మోకాలితో ఆవిడ ఎక్కడ జారిపడిందో అన్నది దానికన్నా పెద్ద భయం. చప్పట్లకి లొంగిపోయి ముందు నడిచినందుకు తనని తనే తిట్టుకున్నాడు.

రెండో గెడ్డ దగ్గర దారి రెండుగా చీలింది. కుడి పక్కది మెట్లు మెట్లుగా ఎలుగుబండకి ఎక్కుతుంది. ఎడమ పక్కది పశువుల తోవ, నున్నగా దిగుతుంది. ఎనిమిదేళ్లుగా ఆవిడ నడకని వెనకనుంచి చూస్తూనే ఉన్నాడు. కుడి మోకాలు నొప్పెడితే ఆవిడ కాళ్లు వాటంతట అవే ఎడమకి మళ్లుతాయి.

ఎడమకి తిరిగాడు. నలభై అడుగులు వేసి, గుప్పెట్లో పట్టేంత రాయి తీసుకుని బండ మీద కొట్టాడు. టక్. టక్. టక్. ఆగి విన్నాడు. గెడ్డ నీళ్లు, తేనెటీగలు, దూరంగా ఎవరిదో గొడ్డలి. ఇంకో ఇరవై అడుగులు వేసి మళ్లీ కొట్టాడు. కరీం బాషా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

కింద నుంచి వినిపించింది. టక్. టక్. టక్.

కుసుమకుమారి నీళ్ల పక్కన కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లో సీతాఫలం. తీరిగ్గా గింజలు ఊస్తోంది. పక్కనే ఇప్పుడే కింద పెట్టిన గులకరాయి.

"వచ్చేశారా రాజుగారూ! దారి తప్పానని తెలిసింది. ఎటుపడితే అటు తిరగడమెందుకని కూచుండిపోయాను. ఎలాగూ వెనక మీరొస్తారు కదా."

"నానివాల ముందున్నాను కదమ్మా!"

ఆవిడ నోరు తెరిచింది. "అయ్యో, అవును కదూ! ఆ సంగతే మర్చిపోయాను." పడీ పడీ నవ్వింది. కరీం బాషా రెండు చేతులూ ఎత్తి దేవుడికి షుక్రియా చెప్పుకున్నాడు. సన్యాసిరాజు అక్కడే చతికిలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. చెమట కన్నా కన్నీళ్లే ఎక్కువున్నాయి. తను అక్కడ లేడని కూడా గుర్తు రానంతగా నమ్మిందీవిడ! ఏ పేపర్లో పేరు పడితే ఇంత గొప్పగా ఉంటుంది? జీవితంలో అంత గర్వం అతనికి ఎప్పుడూ కలగలేదు, పెళ్లినాడు కూడా.

ఆగి ఆగి ఎక్కారు. పైన అన్నాలయ్యాక సాయిశంకర్ శాలువా కప్పి, గాజు షీల్డు చేతిలో పెట్టాడు. బంగారు రంగు అక్షరాలు. అతనే గట్టిగా చదివాడు. "మమ్మల్ని ఇరవై ఒక్క ఏళ్లు ముందుండి నడిపించిన శ్రీ సన్యాసిరాజు గారికి, ప్రేమతో, కొండబాట మిత్రులు."

షాపువాళ్లు అందరికీ వేసే మాటే అది. ఎవరూ గమనించలేదు. సన్యాసిరాజు కళ్లు మాత్రం ఆ ఒక్క మాట దగ్గర ఆగాయి. కుర్రాడు ముచ్చటపడి చేయించాడు కదా అని, "శానా బాగుంది బాబూ" అన్నాడు.

దిగేటప్పుడు ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఒక్కొక్కళ్లే అతని పక్కనుంచి ముందుకు వెళ్లిపోయారు. చివరికి కరీం బాషా "నేను నీ ముందు బావా" అని కదిలాడు. సన్యాసిరాజు ఆఖర్న నడిచాడు. సాయంత్రం బండి వచ్చింది. పంతొమ్మిది జతల కాళ్లూ మెట్లెక్కాయి. ఆ వెనక తనెక్కాడు.

కొండ నుంచి వచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం అన్నం తిని చాప మీద వాలాడు. జోగమ్మ టీ కలిపి పిలిస్తే లేవలేదు. మొహంలో నొప్పి ఆనవాలు కూడా లేదు.

గాజువాకలో ఆ ఇంటికి కుసుమకుమారి, కరీం బాషా పరామర్శకి వెళ్లారు. జోగమ్మ కాసేపు ఏడ్చి, కాసేపు మాట్లాడింది.

"కొండ నించి ఒచ్చిన మర్నాడు కత్తెరడిగినాడమ్మా. ఒక అన్నం మెతుకు కూడా ఎట్టమన్నాడు. ఏటి సేత్తన్నావంటే సెప్పడు. ముసిముసి నవ్వులు" అని టీవీ బల్ల వైపు చూపించింది.

అక్కడ, మందుల చీటీ అంచు కత్తిరించి, మెతుకు మెదిపి అతికించిన వేలెడు కాగితం ఆ గాజు షీల్డు మీద ఒక్క మాటని కప్పేసి ఉంది. బంగారు అక్షరాల మధ్య, నీలం పెన్నుతో, వంకరటింకరగా, 'వెనకుండి' అని.