పాడ్యమి నాటి పోటు

మా సార్ విశ్వేశ్వరరావు గారు అమావాస్య నాడు గేటు దాటరు. పౌర్ణమికి ఇంట్లో వ్రతం. అష్టమి, నవమి అసలే పనికిరావు. సముద్రతీరంలో మడచెట్లు నాటడానికి ఏ నేల పనికొస్తుందో తేల్చే మా అశోక్‌నగర్ ఆఫీసు అందుకే పద్దెనిమిదేళ్లుగా దశమికో ఏకాదశికో బయల్దేరుతోంది. పోటు నీళ్లు నేల మీదికి వస్తే మ్యాపులో పచ్చరంగు, రాకపోతే ఎరుపు.

రేపల్లె అవతల, ఆడవాళ్లతో మడమొక్కల నర్సరీ నడిపే హైమవతి గారి ఊరికి ఎరుపు పడింది. వేసింది నేనే. శుక్రవారం ఆ రిపోర్టు పైకి వెళ్లిపోతే, ఊరి ఆడవాళ్లు ఏడాదిగా పెంచిన పన్నెండు వేల మడమొక్కలు నాటే అనుమతి రాక సంచుల్లోనే ఎండిపోతాయి.

సోమవారం ఆవిడ ఫోన్ చేసి నన్ను దులిపేసింది. "నీళ్లు రావని ఎవరు చెప్పారమ్మా? మీరొచ్చింది దశమి నాడు! అప్పుడు పోటు నీరసంగా ఉంటది. అమావాస్య వెళ్లాక వచ్చి నిలబడండి, తెలుస్తది!"

నాకు ఒళ్లు మండింది. ఎమ్మెస్సీ చదివిన దాన్ని, నాకే చెప్తుందా! ఆ కోపంతోనే గోడ మీది క్యాలెండర్ తీసి మా సర్వే తేదీలు సరిచూశాను. దశమి. ఏకాదశి. మళ్లీ దశమి. ఛీ, సిగ్గుతో తల తీసేసినట్టయింది.

"సార్, హైమవతి గారన్నది నిజమే, మనం పోయే రోజులే తప్పు. బుధవారం అమావాస్య. ఆ రోజే రైలెక్కుదాం," అన్నాను.

"అమావాస్య ప్రయాణమా? మతి పోయిందా అమ్మా నీకు? వీడియో తీసి పంపమను ఆవిణ్ణి."

"వీడియో చూసి సంతకం పెడ్తరా?"

"పెట్టను."

"గట్లయితే నేనొక్కదాన్నే పోత. ఆ ఎరుపు నేనేసిన సార్. నాకు నిద్ర పడ్తలేదు."

బుధవారం సాయంత్రం చిక్కడపల్లిలో ఆటో ఎక్కి కాచిగూడ స్టేషన్‌కి వెళ్తే, ప్లాట్‌ఫాం మీద సార్ సంచితో నిలబడి ఉన్నారు. ముఖం మాడ్చుకుని, "నా ఖర్మ," అన్నారు.

మర్నాడు పాడ్యమి. హైమవతి గారు మమ్మల్ని తీసుకెళ్లి ఆ నేల మీద నిలబెట్టింది. పగుళ్లిచ్చి, ఉప్పు తేలి ఉంది. "చూశావా, ఎండిపోయింది," అన్నారు సార్. తొమ్మిది దాటాక పాయలోంచి నీళ్లు పాక్కుంటూ వచ్చాయి. పాదాలు మునిగాయి. చీలమండలు మునిగాయి. సార్ ప్యాంటు మడవడం కూడా మర్చిపోయారు. హైమవతి గారు కొలకర్ర నీళ్లలో దించి, "రాసుకోమ్మా," అంది. కొలత రాసుకున్నాను. ఏడుపొచ్చినంత సంతోషమేసింది.

"పచ్చరంగు వెయ్యి," అన్నారు సార్. తర్వాత నా వైపు తిరిగి, "సంయుక్తా, ఇప్పటిదాకా ఎన్ని ఊళ్లకు ఎరుపు వేశాం?"

"పదకొండు సార్. అండ్ల నాలుగూళ్లోళ్లు మొక్కలు పారబోసుకున్నరు."

సార్ నా ఫోన్ కోసం చెయ్యి చాపారు. "ముందు ఆ నాలుగూళ్లకి కలుపు. నేనే చెప్తాను."

నీళ్లలో నిలబడే మొదటి నంబరు కలిపి, ఫోన్ ఆయన చేతికిచ్చాను.