నిలబడి పాలు తాగితే

“నీకు గుర్రాలంటే ప్రాణం కదా మార్లీ, ఇష్టమైన పనికి జీతమేమిటి?” అన్నాడు గార్నెట్, పెళ్ళయిన కొత్తలో. నిజమే, మార్లీన్‌కు గుర్రాలంటే ప్రాణమే. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆ ఇంటి కొట్టంలో ముప్ఫయ్యేళ్ళుగా ఆమె చేత లద్దె ఎత్తిస్తూనే ఉన్నాడు.

ఆ ఉదయం కూడా లద్దె ఎత్తడానికే పార పట్టుకుని వెళ్ళింది. ఏప్రిల్ వచ్చినా ఒంటారియోలో కంచెల నీడన మంచు కరగలేదు. వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే డ్యూటీకి ఇంకా టైముంది. కొట్టంలో వాళ్ళ ఆడగుర్రం వెర్బీనా గడ్డి మీద పడుకుని ఉంది. దాని వెనక తడితడిగా, కాళ్ళన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుని, ఒక పిల్ల. ఎవర్నీ లేపకుండా అంతా తనే కానిచ్చేసుకుంది మహాతల్లి.

మార్లీన్ పార గోడకు ఆనించి నిలబడిపోయింది. వెర్బీనాను కట్టించిన మగగుర్రం యజమానితో ఒప్పందం ఆమెకు కంఠతా వచ్చు. పిల్ల లేచి నిలబడి, తల్లి దగ్గర పాలు తాగితే ఏడు వేల డాలర్లు కట్టాలి. లేవకపోతే పైసా కట్టక్కర్లేదు. ఆ ఏడు వేలూ ఎక్కడివంటే, దుప్పట్లు ఉతికి ఆమె పింఛను కోసం దాచుకున్నవి. వెర్బీనా మొదటి పిల్ల వంకర కాళ్ళతో పుట్టింది. రెండోదానికి గుర్రబ్బండి పందేల కోసం రెండేళ్ళు మేతా, లాడాలూ, శిక్షకుడి జీతమూ పోస్తే, బండి కట్టి పరుగెత్తించిన రోజున పందెంలోకి రానిచ్చే వేగం కూడా అందుకోలేదు. “ఒక్క మంచి పిల్ల పడనీ, అన్నీ తీరిపోతాయి” అనేవాడు గార్నెట్. “మా వాడిది పెద్ద చెయ్యి. నీదే పిరికి గుండె” అనేది అత్తగారు ఎడ్నా, మార్లీన్ కాచిన టీ తాగుతూ. దాణా కొట్టువాళ్ళు అప్పు కింద ట్రైలరు లాక్కుపోయాక, వెర్బీనా కూడా పోతుందని భయపడి, దాన్ని మార్లీన్ పేరుకు మార్చేశాడు. ఆమె పిండి చేతులతో ఉంటే “ఇక్కడ, ఇదిగో ఇక్కడ” అని వేలు పెట్టి చూపించి సంతకం చేయించుకున్నాడు. ఆ తర్వాత మగగుర్రం ఒప్పందం మీదా ఆమే సంతకం చేయాల్సొచ్చింది. గుర్రం అతనిది, అప్పు ఆమెది అయింది.

పిల్ల లేవబోయి బోర్లా పడింది. మళ్ళీ లేవబోయి పడింది. ఇది లేవకపోతే బావుండు, అనిపించింది మార్లీన్‌కు. ఇంత పసిదాని చావు కోరుకునేంతగా తనను ఎవరు తయారుచేశారని కోపమొచ్చింది. గోనెపట్టాతో దాని ఒళ్ళంతా రుద్దింది, బొడ్డుకు అయోడిన్ పూసింది, పొట్ట కింద చేతులేసి ఎత్తి పట్టుకుంది.

“లే అమ్మా, లే. కడతాలే, నేనే కడతాలే” అంది.

నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పెట్టి పిల్ల నిలబడింది. ముందు తల్లి మోకాలు చీకింది, తర్వాత మార్లీన్ మోచెయ్యి. ఆఖరికి పొదుగు దొరికించుకుని చప్పుడు చేస్తూ తాగింది. మార్లీన్ ఏడ్చేసింది. ఏడు వేలు పోయినందుకు కాదు, సంతోషం పట్టలేక.

అప్పుడొచ్చాడు గార్నెట్, చేతిలో కాఫీ కప్పుతో.

“నిలబడిందే! ఏంటి, ఆడదా?” మొహం కాస్త వాడింది. “పోనీలే. ఈసారి కెంటకీ గుర్రంతో కట్టిద్దాం. వారం పది రోజుల్లో మళ్ళీ ఎదకొస్తుంది. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకువాళ్ళు ఇస్తామన్నారు.”

“అది కని గంట కూడా కాలేదు గార్నెట్.”

“గుర్రం మార్లీ అది, నువ్వు కాదు. నువ్వొక సంతకం పెట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటా.”

మిగతాది అంటే ఏమిటో మార్లీన్‌కు ఇప్పటికీ తెలియదు. ఆమె బకెట్లో చేతులు కడుక్కుంది, కోటుకు తుడుచుకుంది. భయమేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు.

“ఈ ఫీజు నేను కడతాను. పాలు మానాక పిల్లను నేనే అమ్ముతాను. వెర్బీనాను మళ్ళీ కట్టించేది లేదు, ఇల్లు తాకట్టు పెట్టేదీ లేదు.”

గార్నెట్ నవ్వాడు. “నువ్వెవరే చెప్పడానికి? గుర్రం నాది!”

“అప్పులవాళ్ళ చేతికి పోకూడదని నా పేరు మీద పెట్టావు కదా” అంది మార్లీన్, పార అందుకుంటూ. “ఇక నీ చేతికీ పోదు.”