ఎగువ సోదరులు

నది సన్నబడటం మొదలైన వారానికే రాజధాని నుంచి విచారణాధికారి దిగాడు. నీటిపారుదల ఆఫీసులో అందరూ ఆయనకు డేగ అని పేరు పెట్టుకున్నారు. వచ్చీరాగానే చీఫ్ ఇంజనీరమ్మ ఎదుట కూర్చుని, "మీ అక్కగారి కాపురం దిగువ దేశంలోనట కదా?" అన్నాడు.

"అక్క పెళ్ళినాటికి మనకూ వాళ్ళకూ గొడవల్లేవండీ."

"ఇప్పుడున్నాయి. మన సిద్ధాంతమంటేనే వాళ్ళకు గిట్టదు. కాలువలకు ఎక్కడో గండి కొట్టించి ఉంటారు. అదీ లోపలి మనిషి సాయంతో."

ఆమెకు ఒళ్ళు మండింది. "గండీ లేదు, గాడిదగుడ్డూ లేదు. నది మన దేశంలోకి వచ్చేటప్పుడే సగమే ఉంది. పైన వానల్లేవు."

"ఎవరు చెప్పారు?"

"ఎగువ దేశంవాళ్ళు."

"నమ్మేశారా?"

నమ్మింది. ఎగువ దేశానిదీ తమదీ ఒకే పార్టీ, ఒకే రంగు జెండా. స్నేహ ఒప్పందం రోజున గొంతు బొంగురుపోయేదాకా నినాదాలిచ్చిన మనిషి ఆమె.

మర్నాడు ఇద్దరూ జీపులో సరిహద్దుకు వెళ్ళారు. దారి పొడుగునా ఆయన చూపు ఆమె ఫోను మీదే. గుట్టెక్కి బైనాక్యులర్స్ పెట్టి చూస్తే లోయకు అడ్డంగా కొత్త ఆనకట్ట. గేట్లన్నీ మూసి ఉన్నాయి. వెనక జలాశయం నిండుకుండలా ఉంది. గోడ మీద బారెడేసి అక్షరాలతో 'సోదరత్వం వర్ధిల్లాలి' అని రాసి ఉంది.

ఆమె అక్కడి నుంచే ఎగువ దేశపు ఇంజనీరుకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, వానల్లేవన్నావు!"

"ఏం చెయ్యనమ్మా? పార్టీ ఒకటే గానీ, కొండ మాది, పల్లం మీది. మా పొలాలు ముందు తడవాలి కదా. ఇంతకీ మీరు కిందివాళ్ళకు ఎంత వదిలారు?"

ఆమె ఫోను పెట్టేసింది.

డేగ గొంతు తగ్గించాడు. "మీ బావగారు అక్కడ నీటి శాఖలోనేగా? ఫోన్ చెయ్యండి. కిందివాళ్ళూ మనమూ కలిసి అడిగితే తప్ప ఆ గేట్లు లేవవు."

"చేశాక నన్ను లోపలెయ్యడానికా?"

"మీ అనుమానం మీది," అన్నాడే గానీ, కాదనలేదు.

ఆమె స్పీకర్ పెట్టి నంబరు నొక్కింది.

"ఏం మరదలా, ఇన్నాళ్ళకా! పక్కన ఎవరున్నారు?"

"పోలీసులాంటాయన ఉన్నారు బావా."

"ఇక్కడా ఒకాయన ఉన్నాడులే. చెప్పు."

పంటలు ఎండిపోకముందే ఆ రెండు శత్రుదేశాల ప్రతినిధులూ ఒకే కారులో ఎగువకు వెళ్ళారు. బేరాలాడి, అలిగి, లేచిపోబోయి, చివరికి కొన్ని గేట్లు ఎత్తించారు. పత్రికలు దాన్ని సోదరత్వ విజయమని రాశాయి.

శత్రుదేశంతో పరిచయాలున్నాయంటూ ఆమెను మాత్రం శాఖ గ్రంథాలయానికి బదిలీ చేశారు. కబురు చెప్పడానికి డేగే స్వయంగా వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె కూర్చోమనలేదు.

"కాలువల్లో నీళ్ళొచ్చాయా?" అని మాత్రం అడిగింది.

"వచ్చాయి," అన్నాడు.