కట్టెల కింద అయ్యగారు

అన్నం వండిన ప్రతిసారీ, గింజలు ఎసట్లో పోసే ముందు, నా భార్య ఒక్బున్ మనిషికో చెంచా చొప్పున తీసి గోడకు వేలాడే గుడ్డసంచిలో వేస్తుంది. మా చర్చి ఆడవాళ్ళందరిదీ అదే అలవాటు. ఇంట్లో ఐదుగురుంటే ఐదు చెంచాలు. ఆదివారం ఆ సంచులన్నీ చర్చికి చేరేవి. పాస్టరుగారింట్లో ఉడికేది ఆ గింజలే.

యుద్ధం వచ్చిన ఆ వేసవిలో ఉత్తరం సైన్యం మా ఊరు పట్టుకుంది. చర్చి మీద సిలువ దించేసి అందులో ప్రజా కమిటీ ఆఫీసు పెట్టారు. చెంచాలు మాత్రం ఆగలేదు. బియ్యం అయిపోయాక బార్లీ వేశారు.

నేను ఆ చర్చి ఊడ్చి గంట కొట్టేవాణ్ణి. మా ఇల్లు చర్చి ప్రహరీకి వెనకే. వంటింట్లో ఎండుకొమ్మల మోపుల కింద చిలగడదుంపల గొయ్యి ఉంది. హామ్ పాస్టరుగారు జూలై నెల నుంచి అందులో ఉన్నారు. కమిటీవాళ్ళు ఆయన కోసం కొండలన్నీ గాలించారు. వాళ్ళ ఆఫీసు వెనకగోడకి మా పొయ్యి ముప్పై అడుగులుండదు.

జూన్‌లో మిషనరీ దొర పడవలో దక్షిణానికి వెళ్ళిపోతూ పాస్టరుగారికీ చోటుందన్నాడు. ఈయన వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, పడవెక్కితే వాంతులవుతాయన్నారు.

సెప్టెంబరు వచ్చేసరికి ఆయనకి రోజు విడిచి రోజు చలిజ్వరం. పడమట సముద్రం వైపు నుంచి ఫిరంగుల మోత వినపడుతోంది. దక్షిణం సైన్యం తిరిగి వస్తోందని గుసగుస. ఇంకో పది రోజులు గడిస్తే బతుకుతారని నేను లెక్క వేసుకున్నాను. పది రోజులు. అంతకు మించి నేనేమీ కోరలేదు.

ఆ పొద్దున పక్కింటి సంవోల్ నిప్పు కోసం వచ్చింది. ఒక్బున్ అప్పుడే గింజలు తీస్తోంది. ఒకటి. రెండు. మూడు. చెయ్యి దాని అలవాటున అది పోయింది.

సంవోల్ మా చర్చి మనిషే. గుమ్మంలో చిప్ప పట్టుకుని నిలబడిపోయింది.

“అక్కా, బావగారు తింటారు. నువ్వు తింటావు. మూడోది ఎవరికి?”

ఒక్బున్‌కి అబద్ధం రాదు. నలభై ఏళ్ళొచ్చాయి, ఇంకా నేర్చుకోలేదు.

“దేవుడికి,” అంది.

“సంచి మొత్తం దేవుడిదేగా. విడిగా ఆయనకింకో చెంచా ఎందుకే?”

సంవోల్ చూపు కట్టెల మోపుల మీద పడింది. అక్కడే కాసేపు ఉంది. తర్వాత చిప్పలో నిప్పు వేసుకుని వెళ్ళిపోయింది.

నేను ఒక్బున్ చేతిలోంచి చెంచా లాక్కున్నాను.

“చంపేస్తావే నువ్వు ఆయన్ని. రెండు చాలని ఎన్నిసార్లు చెప్పాను?”

“తినే మనిషికి చెంచా తియ్యకపోతే, ఆ మనిషి పోయినట్టేగా. బతికున్నవాణ్ణి నా చేత్తో నేను తీసెయ్యలేను.”

“అయితే దుసిక్ తీసేస్తాడులే.”

దుసిక్ కమిటీ పెద్ద. మా ఊరివాడే. పాస్టరుగారు వాడికి అక్షరాలు దిద్దించారు. ఇప్పుడు ఆయన జాడ చెప్పినవాళ్ళ కొడుకుల్ని సైన్యం నుంచి విడిపిస్తానని చాటింపు వేయించాడు. సంవోల్ కొడుకుని పట్టుకెళ్ళి నెలైంది.

రెండు రోజులు నేను తిండి తినలేకపోయాను. జ్వరంతో ఉన్న మనిషిని ఎక్కడికని తరలిస్తాను? ప్రతి మలుపులోనూ కాపలా ఉంది. చర్చి వాకిట్లో ఎవడు దగ్గినా నా కోసమే వస్తున్నాడనిపించేది.

మూడో రోజు మధ్యాహ్నం సంవోల్ మళ్ళీ వచ్చింది. ఒక్కతే వచ్చింది. వచ్చీ రాగానే నేల మీద కూర్చుంది.

“మా మామగారు పోయేలా ఉన్నాడు బావగారూ. బాప్తిస్మం కావాలంటున్నాడు.”

నాకు నవ్వొచ్చినంత పనైంది. ఆ ముసలాయన ముప్పై ఏళ్ళుగా మా గంట మోగినప్పుడల్లా కుక్కలా అరిచి వెక్కిరించేవాడు. సంవోల్ పాటల పుస్తకం చించి సిగరెట్లు చుట్టుకున్నాడు.

“ఆయనకా? బాప్తిస్మమా?”

“పాటల పుస్తకమంతా తాగేశాను కదా, ఎక్కడో లోపల పట్టుకున్నట్టుందిలే అంటున్నాడు. పాస్టరుగారిని ఒక్క పూట పంపండి, బావగారూ.”

“పాస్టరుగారు ఎక్కడున్నారో నాకేం తెలుసు? ఓ గిన్నెడు నీళ్ళు నువ్వే చల్లు.”

“నేను చల్లితే అది స్నానం. బాప్తిస్మం కాదు.” గొంతు తగ్గించింది. “నేను దుసిక్ దగ్గరికి వెళ్ళలేదు. నా కొడుకు అక్కడున్నాడు, అయినా వెళ్ళలేదు. అది మీకు తెలియాలి.”

ఆమె బెదిరించలేదు. నాకే బెదిరింపులా వినపడింది.

కట్టెల కింద నుంచి, గొయ్యి మూసిన చెక్కపలక మీద వేళ్ళ చప్పుడు. “గిల్మాన్, నేను వెళ్తాను. తియ్యి.”

నేను వెళ్ళి మోపు మీద కూర్చున్నాను. ఉన్న బరువంతా వేసి కూర్చున్నాను.

“తియ్యను అయ్యగారూ.”

“ఆయన అడిగాడు కదయ్యా.”

“అడగనివ్వండి. ముప్పై ఏళ్ళు తీరిక లేనివాడు ఇంకో పది రోజులు ఆగలేడా?”

“చావు ఆగదు గిల్మాన్. ఈ గోతిలో నేను పాస్టర్ని కాదు, చిలగడదుంపని. మొలక కూడా వచ్చేట్టుంది.”

ఒక్బున్ ఏడుస్తూ నవ్వింది. నేను లేవలేదు. కింద ఆయన దగ్గు విన్నాను. సంవోల్ అలాగే కూర్చుని ఉంది. పొద్దు వాలింది. అప్పుడు వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. గుమ్మం బయట నిలబడి నన్ను చూస్తూ ఉంది. దాంతో నా పట్టు సడలింది.

“ఆయన అక్కడికి రారు. ముసలాయన్నే ఇక్కడికి తెస్తాను. ఎవరైనా అడిగితే సూదుల వైద్యుడి దగ్గరికని చెప్పు,” అన్నాను.

గొయ్యి మీది మోపులు తీసి ఉంచమని ఒక్బున్‌కి చెప్పి, కట్టెలు మోసే వీపు చట్రం తగిలించుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ముసలాయన అప్పటికే ముస్తాబై ఉన్నాడు. ఉతికిన తెల్ల బట్టలు, గుర్రపు వెంట్రుకల టోపీ, కొత్త గడ్డిచెప్పులు. దేవుడి దగ్గరికి మాసిన బట్టలతో రానని కోడలితో పోట్లాడాడట.

“ఆ టోపీ తీసెయ్ తాతా. ఎవరైనా చూస్తే అడుగుతారు.”

“నా తల మీద నీళ్ళు పడే రోజు నా టోపీ నా ఇష్టం.”

టోపీతోనే చట్రానికి కట్టాను. చలికాలపు కట్టెల మోపంత కూడా బరువు లేడు. మెడ మీద ఊపిరి తగులుతోంది. సంవోల్ వెనకాల నడిచింది.

చర్చి ముందు దుసిక్, పట్నం నుంచి వచ్చిన ఇద్దరు సైనికులు ఉన్నారు. సైనికులు తుపాకులు ఒళ్ళో పెట్టుకుని దోసకాయ తింటున్నారు.

“గిల్మాన్ మామా, ఎక్కడికి?”

“సూదుల వైద్యుడి దగ్గరికి.”

దుసిక్ దగ్గరికొచ్చి ముసలాయన చుట్టూ తిరిగాడు.

“సూదులు గుచ్చుకోడానికి ఇంత ముస్తాబా తాతా? పెళ్ళికొడుకులా ఉన్నావే.”

“నీ పెళ్ళికేరా,” అన్నాడు ముసలాయన నా చెవి పక్కనుంచి. “ఎవతీ దొరకదని తెలిసి నేను ముందే బయల్దేరాను.”

సైనికులు నవ్వారు. దుసిక్ నవ్వలేదు. ఆ చిన్న కళ్ళు ముసలాయన కొత్త చెప్పుల దగ్గర ఆగాయి. వాళ్ళమ్మ ఇలాగే కొత్త చెప్పులేసుకుని బాప్తిస్మానికి వెళ్ళడం వాడూ చూశాడు. అయినా చేత్తో వెళ్ళమన్నాడు. ఎందుకో నాకు ఈ రోజుకీ తెలియదు.

ప్రహరీ మలుపు వరకూ వచ్చాను. ఇంకో పదిహేను అడుగులు వేస్తే మా గుమ్మం. నా మెడ మీద ఊపిరి తగలడం ఆగింది. నేను ఆగలేదు. ఇంట్లోకి వెళ్ళాక చూద్దాం అనుకున్నాను. అంతలో టోపీ జారి దారిలో పడింది.

సంవోల్ దాన్ని తీసింది. ఆయన మొహం చూసింది.

“అరవకు,” అన్నాను. “సంవోల్, తల్లీ, ఇప్పుడు అరవకు.”

“నిన్ననే,” అంది. “నిన్న నువ్వు ఆ కట్టెల మీంచి లేచుంటే.”

అప్పుడు అరిచింది. అయిగో అని శోకం పెట్టి ఊరంతా వినేలా అరిచింది. ఎవరైనా అరుస్తారు. ఆ నోరు మూసే హక్కు నాకెక్కడిది?

పదకొండేళ్ళుగా మా ఊళ్ళో ఏ ఇంట చావు ఏడుపు లేచినా, ఆ ఇంటికి మొదట చేరే మనిషి హామ్ పాస్టరుగారే. నాటు వేస్తుంటే బురదకాళ్ళతో వచ్చేవారు. తింటుంటే చెంచా అక్కడే పడేసి వచ్చేవారు. నమ్మినవాళ్ళ ఇల్లా, నమ్మనివాళ్ళ ఇల్లా అని చూసేవారు కాదు. ఏడుపు వినపడితే ఆయన కాళ్ళు ఆయన్ని అడగవు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ ఏడుపుని మా గుమ్మం దాకా మోసుకొచ్చింది నేనే.

మా తలుపు తెరుచుకుంది. ఆయన ఎండలోకి వచ్చారు. ఒళ్ళంతా మన్ను, గడ్డం ఎదిగిపోయింది, వెలుతురుకి కళ్ళు తెరవలేకపోతున్నారు. ఒక్బున్ వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగుతోంది. చొక్కా చిరిగింది గాని ఆయన ఆగలేదు. తడుముకుంటూ నా వెనక్కి వచ్చి ముసలాయన తల మీద చెయ్యి వేశారు.

“ఆలస్యమైంది పెద్దాయనా,” అన్నారు. “మన్నించు.”

దుసిక్ మలుపు తిరిగి వచ్చాడు. వాడి వెనక సైనికులిద్దరూ ఉన్నారు. దుసిక్ పాస్టరుగారిని చూసి, సైనికుల్ని చూసి, పళ్ళు కొరికాడు.

“ఎందుకొచ్చావయ్యా బయటికి?” అన్నాడు. కోపమో ఏడుపో తెలియని గొంతు. “కాసేపు ఉండలేకపోయావా? ఎందుకొచ్చావు?”

పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. సైనికుడు తుపాకీ ఎత్తబోతే దుసిక్ దాన్ని చేత్తో కిందికి నొక్కి ఆపాడు. ఆమెన్ దాకా ఆగాడు. వాడు చేయగలిగింది అంతే. అక్కడ అందరికీ అది తెలుసు.

చేతులు వెనక్కి కట్టారు. పాస్టరుగారు సంవోల్‌తో, పెద్దాయన్ని తలుపులోంచి వెలుతురు పడే వైపు తల పెట్టి పడుకోబెట్టమన్నారు. ఒక్బున్‌తో, జావ బాగుందన్నారు. నాతో ఏమీ అనలేదు. ఒక్కసారి చూశారు. ఇంకా చట్రం దించలేదేమిటన్నట్టు చూశారు.

పట్నం దారి పట్టించి తీసుకెళ్ళారు. జ్వరం వచ్చే రోజు కావడంతో కాళ్ళు తడబడుతున్నాయి. ఒకసారి పడ్డారు. లేపారు. ఒక్బున్ వాళ్ళ వెంట పరిగెత్తింది. సంవోల్ కూడా, మామగారి టోపీ చేతిలోనే ఉండగా, పరిగెత్తింది.

నా వీపు మీద శవం ఉంది. నేను పరిగెత్తలేకపోయాను. వీపు ఖాళీగా ఉంటే పరిగెత్తేవాణ్ణో కాదో చెప్పలేను. వాళ్ళు వంతెన దాటి కనపడకుండా పోయేవరకూ అలాగే నిలబడ్డాను. తర్వాత ముసలాయన్ని వాళ్ళింటికి మోసుకెళ్ళాను.