బొంతలో నీలం చొక్కా

బొంతల ప్రదర్శన రోజు పొద్దున్నే ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఎప్పటిలాగే పోట్లాడుకున్నారు. బొంతని చుట్టి తీసుకెళ్దామని కోడలు, మడతపెట్టి తీసుకెళ్దామని అత్తగారు. లిఫ్టులు బాగుచేసే కొడుకు ఇద్దరికీ తలూపి, నీలం యూనిఫాం చొక్కా తొడుక్కుని, సాయంత్రం వచ్చి బొంత మోసుకొస్తానని పనికి జారుకున్నాడు. తెలివైనవాడు.

ఆ బొంతని ఎవరూ కుట్టలేదు. తనని తానే కుట్టుకునేది. ఇంట్లో ఎవరికైనా నూకలు చెల్లితే, వాళ్ళ ఒంటిమీది బట్టలోంచి ఒక ముక్క వచ్చి అందులో చేరేది. మామగారి గోధుమరంగు కోటు ముక్క అలా చేరిందే. మూడువైపులా కుట్టు పడేదాకా ఆయనకి ఊపిరి ఆడింది, నాలుగోవైపు పూర్తవుతుండగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఇందులో వింతేముంది? ప్రదర్శనవాళ్ళు కూడా, "చేత్తో కుట్టినవి అటు, మిషను మీద కుట్టినవి ఇటు, తమంతట తామే కుట్టుకునేవి కిటికీ పక్కన" అని చెప్పి ఊరుకున్నారు. కిటికీ పక్కన ఈ బొంత ఒక్కటే ఉంది.

"ఇంకేం, ఫస్టు ప్రైజు నీదే. పోటీకి ఎవడూ లేడు" అని ఎకసెక్కమాడి, అత్తగారు పక్కవాళ్ళ బొంతలకి వంకలు పెట్టడానికి వెళ్ళింది.

హాలు నిండిపోయింది. ఇనప గొట్టాల మీద వేలాడేసిన బొంతల ముందు తాళ్ళు కట్టారు. మెడలో టేపు వేసుకుని తిరిగే నిర్వాహకురాలిని అందరూ టేపు మేడమ్ అంటారు. జడ్జీలు చూసేదాకా బొంతని ఎవరూ తాకకూడదని ఆవిడ ఖరాఖండిగా చెప్పింది.

కాసేపటికి కిటికీ దగ్గర ఎవరో అరిచారు. "కుడుతోందండీ! చూడండి, కుడుతోంది!"

జనం మూగారు. కింది మూలన అరచేయంత ముక్క ఒకటి పుట్టుకొచ్చింది, దాని అంచున ఒక్కో కుట్టూ పడుతోంది. అందరి కళ్ళూ తన బొంత మీదే ఉండేసరికి కోడలికి ఒళ్ళు తెలియలేదు. వెంటనే తట్టాల్సిన సంగతి తట్టలేదు. పైగా జడ్జీలకి బాగా కనపడాలని తాడు కింద నుంచి చెయ్యి పెట్టి, ముడుచుకున్న మూలని సాగదీసి గుండుసూదులు గుచ్చింది. గుచ్చుతుంటే వేలికి మాసిక తగిలింది. నీలం దారం అయిపోయి తను నల్లదారంతో వేసిన మాసిక. పొద్దున ఆయన వేసుకెళ్ళిన చొక్కా.

ఆమె గుండుసూదులు వదిలేసి ఫోన్ అందుకుంది. ఆయనకి మూడుసార్లు చేసింది, మూడుసార్లూ మోగి ఆగిపోయింది. సూపర్‌వైజరుకి చేసింది.

"లిఫ్టు పైకెక్కి పని చేస్తున్నాడమ్మా. పిలిచినా వినపడదు. ఏం, అర్జెంటా?"

"దిగమనండి! ఇప్పుడే దిగమనండి!"

సంచిలోంచి చిన్న కత్తెర తీసి కుట్లు తెంపసాగింది. తెంపినచోటే మళ్ళీ పడుతున్నాయి, ముందుకన్నా జోరుగా. రెండోవైపు పూర్తయింది.

"అమ్మా, తాకకూడదని చెప్పాను కదా" అంటూ టేపు మేడమ్ వచ్చింది.

"మా ఆయన చొక్కా అండీ ఇది."

ఆవిడ ముక్క వంక చూసింది. తాడు విప్పి పక్కకి లాగేసి, జడ్జీలకి టీ ఇప్పించండని ఎవరికో కేకేసింది.

అప్పటికి అత్తగారు వచ్చింది. చూసింది. చూసి అక్కడే కూలబడింది. "నా బిడ్డ" అని మాత్రం అంది. కోడలు ఏడుస్తూనే తెంపుతోంది. మూడోవైపు సగం దాకా వచ్చింది.

"తెంపకే" అంది అత్తగారు ఉన్నట్టుండి. "తెంపితే ఊరుకుంటుందా? దాని నోట్లో ఇంకోటి పెట్టాలి. కత్తెర ఇలా తే."

చలికీ ఎండకీ భుజం దిగని బూడిదరంగు శాలువా ఆవిడది. దాని కొస పట్టుకునేసరికి కోడలికి అర్థమైంది. చప్పున చెయ్యి పట్టుకుంది.

"వద్దత్తయ్యా. నా బట్ట కోద్దాం."

"నువ్వింకా నా చేత బోలెడు తిట్లు తినాలి. వదులు."

ముక్క కోసి నీలం ముక్క మీద పరిచింది. కోడలి సంచిలోంచి సూదీ దారం అందుకుంది. దారం బెజ్జంలోకి పోవడం లేదు. కోడలు ఎక్కించి ఇచ్చింది.

"ముందు ఎవరు కుడితే వాళ్ళలాగే కుట్టుకుపోతుంది ఇది. నా అంత సన్నంగా కుడితే నాలుగువైపులూ తిరగడానికి ఏళ్ళు పడుతుంది, కుట్టమను చూద్దాం" అని గొణుక్కుంటూ ఆవిడ కుట్టసాగింది. కంటికి ఆనని కుట్లు. ఒక్కోదానికీ ఊపిరి బిగబట్టింది. అవతల నీలం అంచు మీద కుట్లు పరిగెడుతూనే ఉన్నాయి. మూడోవైపు పూర్తయింది. నాలుగోవైపు మొదలైంది. చూడలేక కోడలు కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి నీలం ముక్క ఊడి ఆమె ఒళ్ళో పడి ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది.

ఫోన్ మోగింది. "ఏంటే ఇన్నిసార్లు చేశావు?" ఆయనే. "కాలు జారిందే. చొక్కా బోల్టుకి తగులుకుని ఆపింది, లేకపోతే పోయేవాణ్ణే. బాగానే ఉన్నాను. చొక్కాకే కన్నం పడింది."

కోడలు ఫోన్ పట్టుకుని భోరుమంది. అత్తగారు మాత్రం సూదిని బట్టలోనే గుచ్చి వదిలేసి, బొంత ఏం చేస్తుందా అని చూస్తూ కూర్చుంది. చాలాసేపు అది కదల్లేదు. తరవాత ఒకే ఒక్క కుట్టు వేసింది, ఆవిడ కుట్టంత సన్నంగా. మళ్ళీ ఆగిపోయింది.

సాయంత్రం కొడుకు వచ్చాడు. బొంతని భుజాన వేసుకుంటూ, "శాలువా ఏమైందమ్మా?" అన్నాడు.

"మేకుకి పట్టుకుంది. పద."

ఆయన ముందు నడిచాడు, వెనక ఇద్దరూ. కోడలు చూపు బొంత మూలని వదల్లేదు. వీధి మలుపులో బూడిదరంగు అంచున ఇంకో కుట్టు పడింది. ఆమె గబుక్కున అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"చూశాన్లే" అంది ఆవిడ మెల్లగా, కొడుక్కి వినపడకుండా. "సన్నంగానే వేస్తోంది. నడు."